హరిబౌలి మల్లె

ఆ మల్లె బతకలేదు. చదివేవాళ్లు దారిలో ఎక్కడా ఆశ పెట్టుకోకూడదని ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎవరో తెలిసినవాళ్లు సమయానికి వచ్చి ఒక మంచి మాట చెబుతారని, ఏ కణుపు దగ్గరో ఒక చిగురు తొంగిచూస్తుందని ఎదురుచూడొద్దు. ఉగాదికి పచ్చగా ఉన్న చెట్టు బతుకమ్మ నాటికి ఎండుకట్టె అయింది. ఆ రెండు పండుగల నడుమ ఆ ఇంట్లో దాన్ని ప్రేమించని మనిషి లేడు. దుఃఖమంతా అక్కడే ఉంది.

ఇల్లు ఎవరిదో చెప్పను. పాతబస్తీలో అక్కన్న మాదన్న గుడి ఉన్న హరిబౌలి నుంచి సింహవాహిని అమ్మవారి లాల్‌దర్వాజ దాకా గల్లీ గల్లీకీ అలాంటి ఇల్లు ఒకటి ఉండేది. డంగుసున్నం గోడలు, చల్లటి గచ్చు, నడుమ ఆకాశం తెరుచుకున్న భవంతి. ఉదయపు ఎండ ముందుగా దిగే గోడ వారన ఒక పెద్ద మట్టి గమ్లా, అందులో గుండుమల్లె. ఇంటికి పెద్దదిక్కు అవ్వ. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి చెట్టుకు అంటు కట్టించి తెచ్చుకున్న మొక్క అది. పిల్లలు పుట్టారు, పెళ్లిళ్లయ్యాయి, పెద్దాయన పోయాడు. గమ్లాలు పగిలి రెండు మూడుసార్లు మారాయి. చెట్టు మాత్రం అదే.

సంక్రాంతి ముందు అవ్వ దాని కొమ్మలు కత్తిరించేది. ఆకు దూసేసి కొన్నాళ్లు నీళ్లు తగ్గించేది. శివరాత్రి దాటగానే కొత్త రెమ్మలు, వాటి కొసల్లో మొగ్గలు. చైత్రం నుంచి మృగశిర కార్తె దాకా, పొద్దు వాలే వేళకు ఆ వాకిట్లోకి వచ్చినవాళ్లు మాట తగ్గించి మాట్లాడేవారు. విచ్చకముందే మొగ్గలు కోసి, తడిబట్టలో మూటగట్టి, దీపం పెట్టాక మాల కట్టడం. మొదటి మూర అమ్మవారి పటానికి, రెండోది కోడలి జడకు. మిగిలినవి దోసిట్లో పట్టుకుని అవ్వ పిట్టగోడ దగ్గరికి వెళ్లి పిలిచేది. అవతలి నుంచి పక్కింటి ఖాలా కొంగు చాచి అందుకునేది. రంజాన్ ఎండాకాలంలో వచ్చిన ఏళ్లలో ఇఫ్తార్ పళ్లెం గోడ మీదుగా ఇటు వచ్చేది, మోతియా మొగ్గలు అటు వెళ్లేవి. ఆ రెండిళ్ల మధ్య మాటపట్టింపులు రాకపోలేదు. పూల రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఇక నీళ్ల సంగతి. ఈ కథలో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు, నీళ్లు తప్ప. పాపం, నీళ్లు మాత్రం ఏం చేశాయి? పాతబస్తీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక కట్టిన చెరువుల్లో ఒకటి గండిపేట. 1920లో అది పూర్తయింది. గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు విడిచిపోలేడని హైదరాబాదు మురిసిపోయేది. అయినా నల్లా రాని రోజు భయం ఈ గల్లీల ఒంట్లోంచి పోలేదు. నల్లా వస్తుందంటే ఇల్లంతా కదులుతుంది. బిందెలు, డ్రమ్ములు, తొట్టి, చివరికి చెంబులు కూడా నిండాలి. వాటిలో మిగిలిన పాత నీళ్లు పారబోయడానికి మనసొప్పదు. ఎటు పోతాయి? మొక్కలకు. మల్లెకు దాహం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. నల్లా వచ్చింది గనక చెట్టుకు నీళ్లు. ఏళ్ల తరబడి అదే లెక్క.

అయినా ఆ చెట్టు చావలేదే? చావలేదు. నెత్తిన ఆకాశం ఉంది గనక. ఏప్రిల్ ఎండ ఆ తడిలో సగం తాగేసేది. మట్టి గమ్లా తన ఒంటినిండా చెమర్చి ఇంకొంత వదిలేది. అడుగు కన్నం నుంచి మిగిలింది జారి, గచ్చు వాలు వెంబడి మోరీలో పడేది. అవ్వ చేతి పొరపాటును ఎండా గాలీ మన్నూ కలిసి ప్రతిరోజూ దిద్దేవి. దిద్దుతున్నాయని ఆమెకు తెలియదు. తన చేతి చలవ వల్లే చెట్టు బతుకుతోందనుకుంది. అలా అనుకోవడం తప్పని ఎవరనగలరు?

తర్వాత స్లాబు పడింది.

ఇందులో ఎవరినీ నిందించబుద్ధి కాదు. అన్నదమ్ముల పంపకాలు, పెరిగిన పిల్లలు, కురుస్తున్న పాత కప్పు. భవంతిని విప్పి మూడంతస్తులు లేపారు. నడిమి వాకిలి ఉన్నచోట హాలు వచ్చింది, తెల్లటి టైల్స్ వచ్చాయి. మల్లెను డాబా మీదికి చేర్చాలని కొడుకు అన్నాడు. మొదటి అవకాశం అది. డాబా మీద ఎండ ఉంది, గాలి ఉంది, కారిన నీటికి దారి ఉంది. 17వ శతాబ్దంలో ఈ నగరానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, ఇక్కడి రాజమందిరాల కమానుల నెత్తిన పెంచిన తోటలను చూసి, అంతంత చెట్ల బరువును ఆ కట్టడాలు ఎలా మోస్తున్నాయని విస్తుపోయి రాసుకున్నాడు. బాగ్‌నగర్ అని పరదేశులు పిలిచిన ఊరు ఇది. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాక ఆ మేడల్లో చాలావాటికి ఆనవాళ్లే మిగల్లేదు. డాబాల మీద వనాలను మోసిన ఊళ్లో, ఒక్క గమ్లా మూడంతస్తులు ఎక్కలేకపోయింది. అడ్డం వచ్చింది మెట్లు కాదు, అవ్వ మోకాళ్లు.

"మీదికి కొంటవోతే నేనెట్ల చూసుకోవాలె? నా కండ్ల ముందట్నే ఉండనీయుండ్రి" అంది.

ఆ మాటకు ఎదురు చెప్పగల కొడుకు ఎవరుంటారు? మల్లె హాల్లోకి వచ్చింది. కిటికీ పక్కనే పెట్టారు. ఆ కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్కవాళ్ల కొత్త గోడ.

రెండో అవకాశం గమ్లా దగ్గర చేజారింది. మట్టి గమ్లా చెమర్చి తెల్లటి టైల్స్ మీద ఎర్రటి మరక పెడుతోందని, మనవరాలు తన మొదటి జీతంతో ఒక పింగాణీ కుండీ తెచ్చింది. తెల్లగా, నున్నగా, నీలం తీగలు గీసి ఎంతో అందంగా ఉంది. అడుగున కన్నం లేదు. నీళ్లు నిలవకుండా అడుగున గులకరాళ్లు పోస్తే చాలని ఎవరో చెప్పారట, పోసింది. అందరూ నమ్మే మాటే అది. కానీ మన్ను నిండా తడిసి ఇక పట్టలేననే దాకా నీరు రాళ్లలోకి దిగదు. దిగిన నీరు బయటికి పోవడానికి దారి లేదు. రాళ్లు పోసినంత మేరా వేళ్లకు చోటు తగ్గుతుంది, తడిమన్ను వాటికి మరింత దగ్గరగా జరుగుతుంది. "నా బిడ్డ పైసలతోని తెచ్చింది" అని అవ్వ ఆ కుండీని వచ్చినవాళ్లందరికీ చూపించింది.

ఉగాదికి పూసింది. గుప్పెడు పూలు. ఇల్లు మారిన బెంగ అనుకున్నారు. ఆకులు మాత్రం వెడల్పుగా, పల్చగా, ఎన్నడూ లేనంత పెద్దగా వచ్చాయి. కణుపుకూ కణుపుకూ నడుమ రెమ్మ పొడవు సాగింది. వెలుగు కోసం చెట్టు చేతులు చాస్తోందని తెలియక, బాగా పెరుగుతోందని సంతోషపడ్డారు. నల్లా వచ్చిన రోజున పాత నీళ్లు ఎప్పటిలాగే కుండీలోకి వెళ్లాయి. అవ్వ ఒక చెంబు పోసేది. ఆమె పోసిందో లేదోనని కోడలు ఒక చెంబు. ఆఫీసు నుంచి వచ్చిన మనవరాలు తన కుండీ మీది మమకారంతో తాగగా మిగిలిన సీసా నీళ్లు.

అడుగు ఆకులు పసుపుబారాయి. తర్వాత చెట్టంతా తల వాల్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. మొక్కల చావుల్లో ఇంత క్రూరమైన మలుపు మరొకటి లేదు. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలే దాని ప్రాణం. ఆ సందులన్నీ నీటితో నిండితే ప్రాణవాయువు కదలిక గాలిలో కంటే దాదాపు 10 వేల రెట్లు మందగిస్తుంది. వేరు ఉక్కిరిబిక్కిరై చచ్చుబడుతుంది. చచ్చుబడ్డ వేరు నీటిని పీల్చలేదు. పీకల్లోతు నీళ్లలో నిలబడి చెట్టు దాహంతో వాడిపోతుంది. పైనుంచి చూసే కంటికి, నీళ్లు లేక వాడిన ఆకూ నీళ్లలో మునిగి వాడిన ఆకూ ఒకేలా కనిపిస్తాయి.

"దూపయితున్నట్టుంది దానికి" అంది అవ్వ. ఇంకో చెంబు పోసింది.

రెండు కణుపుల లోతు వేలు దించితే తెలిసేది. కుండీని ఒక్కసారి ఎత్తి చూస్తే ఆ బరువే చెప్పేది. ఫ్యాను గాలికి పైమన్ను ఎండినట్టు కనిపించడంతో ఎవరికీ అనుమానం రాలేదు. బలం చాలక వాడిందేమోనని కోడలు వాడేసిన చాయ్‌పత్తి మొదట్లో వేయడం మొదలుపెట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్లు. ఆరుబయట అయితే ఎండకు మాడి మన్నులో కలిసిపోయే ఎరువే. ఈ నీడలో, ఈ తడిలో ఆ పత్తి కింద తెల్లటి బూజు అల్లుకుంది.

బూజు వెంట ఈగలు వచ్చాయి. దోమ కన్నా చిన్నవి, నల్లటివి, కాళ్లు పొడుగు. సరిగ్గా ఎగరడం కూడా రానట్టు కుండీ అంచు చుట్టూ తడబడుతూ తిరుగుతాయి. రాత్రిళ్లు టీవీ తెర మీద వాలతాయి, చాయ్ కప్పులో పడతాయి. ఫంగస్ నాట్ అంటారు వీటిని, సియారిడే అనే కుటుంబం. కుట్టవు, రోగం తేవు, మనిషితో వీటికి పనే లేదు. వీటి పనంతా తడిమన్నుతో. ఒక్కో ఆడ ఈగ 200 దాకా గుడ్లు పెట్టగలదు. 24 డిగ్రీల వెచ్చదనంలో 3 రోజులకు గుడ్డు పగులుతుంది, 10 రోజులు పురుగుగా తింటుంది, మరో 4 రోజులకు రెక్కలొస్తాయి. 17 రోజులకు ఒక తరం. ఆ పురుగు గాజులా తెల్లగా ఉంటుంది, తల మాత్రం నిగనిగలాడే నలుపు. ముందు బూజును తింటుంది. తర్వాత, చెట్టు చివరి ఆశగా మన్ను పైపొరల్లోకి పంపిన సన్నటి నూగువేళ్లను తింటుంది. కొరికిన చోట కుళ్లు తెగులుకు తలుపు తెరుచుకుంటుంది.

ఆ ఈగలు నిజానికి కబురు మోసుకొచ్చాయి. మన్ను ఆరడం లేదని, లోపల ఏదో కుళ్లుతోందని ఇంటింటికీ తిరిగి చెప్పే ప్రాణులు అవి. ఆ ఇంటివాళ్లు వాటిని దోమలనుకున్నారు. వానాకాలం, డెంగ్యూ భయం, ఇంట్లో ముసలి ప్రాణం. దోమలమందు కొట్టి కిటికీలు బిగించారు. ఎగిరేవి రాలిపోయాయి, మన్నులో ఉన్నవి అలాగే ఉన్నాయి. వస్తున్న కాస్త గాలి కూడా ఆగిపోయింది. ఇంకో చిత్రం చెప్పాలి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికిన ఒక సూక్ష్మజీవిని దోమపిల్లలను చంపడానికి ప్రపంచమంతా వాడుతోంది, బీటీఐ అంటారు. ఈ ఈగల పురుగులకూ అదే మందు. దోమలనుకుని వాళ్లు ఎంచుకున్న శత్రువు తప్పే గానీ, దోమల మందుల్లోనే సరైనది ఒకటుందని చెప్పేవాళ్లు లేకపోయారు. అసలు మందు దాకా పోనక్కర్లేదు. పచ్చి ఆలుగడ్డ ముక్క కోసి మన్ను మీద పెడితే పురుగులన్నీ దాని కిందికి చేరతాయి, ముక్కతో పాటు తీసి పారేయొచ్చు. చాయ్‌పత్తి ఎత్తేసి, పది రోజులు చెంబు దాచేస్తే చాలావరకు సర్దుకునేది.

చెంబు దాచేయడం. ఎంత తేలిక మాట! ఆ ఇంట్లో నీళ్లు పోయకపోవడమంటే చెట్టును వదిలేయడమే. వదిలేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆషాఢం చివర పాతబస్తీ బోనాలు వచ్చాయి. ఈ ఘట్టం తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది. ఆ ఆదివారం లాల్‌దర్వాజ గల్లీల్లో వేప లేని చెయ్యి లేదు. బోనం కుండలకు వేపమండలు, గుమ్మాలకు వేపతోరణాలు, పోతరాజుల నడుముకు వేపకొమ్మలు. ఆ ఇంటి గడప మీద కూడా వేప రెమ్మలు వేలాడాయి. మన్నులోని పురుగుకు వేపపిండి మన రైతులు తరతరాలుగా వాడుతున్న మందు. గుప్పెడు పిండి మొదట్లో కలిపి, పైన వేలెడు మందాన పొడి ఇసుక పరిస్తే ఈగకు గుడ్డు పెట్టే చోటు దొరకదు. అమ్మవారి పేరున ఊరంతా వేప మోసుకు తిరుగుతున్న రోజున, దానికి పది అడుగుల దూరంలో, తలుపు వెనక ఆ చెట్టు వేళ్లు కరిగిపోతున్నాయి. ఇంటి నిండా చుట్టాలు. కుండీ దారికి అడ్డమని మరింత మూలకు, మరింత చీకట్లోకి జరిపారు. వచ్చిన ప్రతి అత్తమ్మా "అయ్యో, మల్లె వాడిందే" అని ఒక గ్లాసు పోసి వెళ్లింది.

పెద్ద చెట్టయితే పట్టించుకునే నాథులుంటారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్ల వయసంటారు. చెద తొలిచి 2017 చివర్లో కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదమందును చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు దిమ్మెలు ఆనించారు. ఆ మాను తేరుకుంది. హరిబౌలి మల్లెకు జిల్లా అధికారులు ఎక్కడి నుంచి వస్తారు? దాన్ని చూసి ఏమైందో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు, పువ్వుల కోసం కొంగు చాచే పక్కింటి ఖాలా. ఆమె ఇంట్లో కూడా గమ్లాలు ఉండేవి. కానీ పిట్టగోడ ఉన్నచోట ఇప్పుడు రెండు వైపులా మూడంతస్తుల గోడలు. పిలిస్తే వినపడదు.

శ్రావణంలో ఇంకో అవకాశం ఉండింది, అందరికన్నా చివరిది. వేళ్లు పోయినా కొన్ని రెమ్మలు అప్పటికి ఇంకా పచ్చగానే ఉన్నాయి. వానాకాలం మల్లె కొమ్మ నాటుకోవడానికి మంచి అదను. జానెడు ముక్కలు నాలుగు కోసి ఇసుక కలిపిన మన్నులో గుచ్చి ఉంటే, తల్లి పోయినా పిల్ల మిగిలేది. అవ్వ పుట్టింటి చెట్టు ఇంకో తరం సాగేది. అంటు కట్టే విద్య ఆ ఇంట్లో ఒక్క అవ్వకే తెలుసు. ఆమె కోయలేదు. "జరమొచ్చిన పిల్లకు కత్తెర పెడ్తరా?" అంది. కోలుకున్నాక చూద్దామంది.

కోలుకోలేదు. భాద్రపదంలో రెమ్మలు కొసల నుంచి నల్లబడుతూ కిందికి వచ్చాయి. రోజుకో కణుపు. కిటికీ తెరిచినా పోని ఒక వాసన హాల్లో నిలిచిపోయింది. నిలవనీటి వాసన, మురిగిన మన్ను వాసన. మల్లె దగ్గర ఆ వాసన రావడం అవ్వకు అవమానంలా తోచిందేమో, అగరొత్తులు ఎక్కువ వెలిగించేది.

బతుకమ్మకు ఇల్లు కడుగుతూ కొడుకు చెట్టును పట్టి లాగాడు. ఏ బిగువూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. అన్నేళ్ల చెట్టు, మన్నును కొంచెం కూడా పట్టుకోలేదు. అడుగున గులకరాళ్ల మధ్య నల్లటి నీళ్లు. తెల్లగా, బిరుసుగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగు ముద్దలు. ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే చొక్కా చెయ్యి ఊడినట్టు పైతొక్క జారిపోయి, లోపల దారం లాంటి నార ఒక్కటి మిగిలింది. మనవరాలు కుండీ లోపలికి తొంగిచూసి, కన్నం ఎక్కడుందని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ ఆ కట్టెను చెత్తబండికి వేయనివ్వలేదు. మూసీలో కలపాలంది. మూసీ ఇప్పుడెలా ఉందో ఆమెకు తెలియక కాదు.

ఆ ఏడు బతుకమ్మ మీద పెట్టడానికి మల్లెలు గుల్జార్‌హౌజ్ వైపు నుంచి మూర లెక్కన కొనుక్కొచ్చారు. మాల కట్టడం మరిచిపోతానేమోనని అవ్వ దాన్ని విప్పి, మళ్లీ కట్టింది.

ఇక మట్టి. అన్నేళ్లు మల్లెను మోసిన మట్టి. కొన్నది కాదు, కొంత పుట్టింటి పెరటిది, ఏటేటా పశువుల ఎరువు కలిపి కమ్మగా చేసుకున్నది. పారేయడం పాపమంది అవ్వ. నాలుగు రోజులు డాబా మీద పలచగా ఎండబోసినా దానిలోని గుడ్లూ పురుగులూ బూజూ మాడిపోయేవి. ఆశ్వయుజపు ఎండకు ఆ శక్తి ఉంది. పండుగ హడావిడిలో అంత తీరిక ఎవరికుంది? కోడలు ఆ మట్టిని చేతులారా పొడిచేసి, సగం కరివేపాకు మొదట్లో వేసింది. మిగతా సగం, అన్నిటికన్నా మంచి మట్టి గనక, జాలీ బిగించిన బాల్కనీలోని తులసికి వేసింది.

కార్తీకం రెండో సోమవారం దీపం పెట్టబోతూ కోడలు చూసింది. తులసి తల వాల్చి ఉంది. ప్రమిద చుట్టూ చిన్న నల్లటి ఈగలు. దీపానికి వచ్చిన పురుగులనుకుని విసనకర్రతో తోలింది. ఆ రోజు నల్లా వచ్చే రోజు. నిన్నటి నీళ్లు చెంబులో ఉన్నాయి. దూపయిందేమో అనుకుని, దండం పెట్టుకుని పోసింది.